సున్నాకీ తొమ్మిదికీ మధ్య మన ఊపిరి

పోలీసు స్టేషన్లో ఎఫ్ఐఆర్ ఎట్లా రాస్తారో మన వాడలకు వేరే చెప్పాలా? కులం పేరు పెట్టి తిట్టినా, కొట్టినా, కాగితం మీదికి వచ్చేసరికి అది 'ఇరువర్గాల ఘర్షణ' అవుతుంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం సెక్షను రాయకపోతే కేసు సగం చచ్చినట్టే. అందుకే మన కార్యకర్తలు స్టేషను ముందు బైఠాయించి సెక్షను వేయించటం నేర్చుకున్నారు. ఇక ఆసుపత్రి ముందు కూడా ఆ పని చెయ్యాలి. అక్కడ జబ్బుకు సెక్షను వంటిది ఒకటి ఉంది. దాన్ని కోడ్ అంటారు.

సిమెంటు రేకుల్లో కలిపే రాతినార పేరు ఆస్బెస్టాస్. ఒకప్పుడు మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనే దీన్ని తవ్వారు. ఇవాళ రష్యా వంటి దేశాల నుంచి ఓడల్లో వస్తోంది. ఫ్యాక్టరీలో ఆ సంచులు విప్పేదెవరు? నేల మీది దుమ్ము ఊడ్చేదెవరు? పాత రేకుల షెడ్డు పగలగొట్టటానికి పిలిచే రోజుకూలీ ఎవరు? ఆఫీసు గదిలో కూర్చునేవాడు కాదు. మొగుడి పనిబట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్ళు కూడా ఈ నారను పీల్చి జబ్బుపడ్డారు.

ఈ నార పోగు కంటికి ఆనదు. లోపలికి పోయిందంటే కరగదు. ఊపిరితిత్తి చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. ఇరవై, ముప్ఫై ఏళ్ళకు ఆ పొర మీద గట్టి మచ్చలు కడతాయి. డాక్టర్లు వీటిని ప్లూరల్ ప్లాక్ అంటారు. మచ్చ దానంతటది మనిషిని చంపదు. కానీ అది సాక్షి. ఈ ఒంట్లోకి రాతినార పోయిందని చెప్పే సాక్షి. అదే నార తిత్తినే గట్టిపరిస్తే ఆస్బెస్టాసిస్. పొరకు కేన్సర్ పుట్టిస్తే మెసోథీలియోమా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి జబ్బుకూ ఒక నంబరు ఇచ్చింది. ఆసుపత్రుల్లో వాడే పదో కూర్పులో ఆస్బెస్టాసిస్ కు జె 61. పొర కేన్సర్ కు సి 45.0. పొర మీది మచ్చకు మాత్రం రెండు నంబర్లున్నాయి. ఆస్బెస్టాస్ ఉన్న మచ్చ అయితే జె 92.0. లేనిదయితే జె 92.9. తేడా చుక్క తర్వాతి ఒక్క అంకె.

అసలు మతలబు ఇక్కడే ఉంది. డాక్టరు ఏమీ రాయకుండా వట్టి 'మచ్చ' అని వదిలేసినా అది జె 92.9 లోకే పోతుంది. 'ఆస్బెస్టాస్ లేదు' అన్నదీ, 'ఎవరూ అడగలేదు' అన్నదీ ఒకే గడిలో పడతాయి. అడగకపోవటమే లేకపోవటం అయిపోతుంది. ఏం పని చేశావని కూలీని అడగటానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు దక్కకపోతే ముప్ఫై ఏళ్ళ చాకిరీ రికార్డులో నుంచి మాయం.

పొరకు నీరు పడితే జె 90 అని రాసి ఊరుకోవచ్చు. కళ్ళె పరీక్షలో ఏమీ తేలకపోయినా టీబీ అని రాయవచ్చు. పేదవాడికి దగ్గొస్తే టీబీ అనుకోవటం అలవాటయిపోయింది. మన వాడల్లో టీబీ లేదని మేము అనటం లేదు. టీబీ మందులు మానమని అసలే అనటం లేదు. రెండూ ఒకే మనిషికి ఉండవచ్చు. అయితే టీబీ అంటే క్రిమి తప్పు. ఆస్బెస్టాస్ అంటే యజమాని తప్పు. ఏ పేరు రాస్తే ఎవరు జవాబు చెప్పాలో తేలిపోతుంది.

1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పు ఇచ్చింది. దాన్ని రాసినవారు తెలుగు నేల మీద పుట్టిన దళిత న్యాయమూర్తి జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమన్నారు. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు గానీ, పని మానిన తర్వాత 15 ఏళ్ళు గానీ, ఏది ఎక్కువయితే అంతకాలం దాచాలన్నారు. జబ్బు ఉన్నట్టు తేలిన కార్మికులకు లక్ష రూపాయలు ఇవ్వాలన్నారు. ఆస్బెస్టాసిస్ ను డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలన్న నియమం 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది, 2020 కోడ్ లోనూ ఉంది. మరి కాగితం మీద పేరే లేని జబ్బును ఎవరు తెలియజేస్తారు? ఎవరు పరిహారం ఇస్తారు? పేరు పడని జబ్బు లెక్కలోకి రాదు. లెక్కలో లేదు గనక ఈ దేశంలో ఆ జబ్బే లేదని రేకుల వ్యాపారులు వాదించుకోవచ్చు.

కార్యకర్తలకు మేము చెప్పేది ఇది. వాడవాడకూ వెళ్ళి రేకుల ఫ్యాక్టరీలో, గనిలో, కూల్చివేతలో పనిచేసినవాళ్ళ జాబితా రాయండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ పని, ఎవరి కింద, అన్నీ రాయండి. కాంట్రాక్టు కూలీలకు గుర్తింపు కార్డు ఉండదు గనక పక్కన పనిచేసినవాళ్ళ సాక్ష్యం రాయించండి. ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాలి. 'మా అన్న చేసిన పని చీటీ మీద రాయండి సార్' అని అడగండి. ఎక్స్ రే ఫిల్ము పారేయవద్దు. డిశ్చార్జి కాగితంలో ఏ కోడ్ వేశారో చదివించుకోండి. తొమ్మిది ఉంటే ఎందుకు తొమ్మిదో అడగండి.

డాక్టర్లతో మాకు పగ లేదు. వందల మంది క్యూలో ఉంటే వాళ్ళకు తీరిక లేదన్నది నిజమే. కానీ వాళ్ళ తీరికలేమికి ఖరీదు మన జనం ఎందుకు చెల్లించాలి? సెక్షను వేయించటానికి మనవాళ్ళు రాత్రుళ్ళు స్టేషన్ల ముందు కూర్చున్నారు. చుక్క పక్కన సున్నా వేయించటానికి ఆసుపత్రి మెట్ల మీద కూర్చోలేమా?

జై భీమ్.