ఐసిస్‌కి టీచరమ్మ ముఖం పెట్టినట్టు మన తల్లికీ పెడతారా?

పోస్టు పెద్దదే, ఓపిక చేసుకొని చదవండి.

పోయిన వారం గ్రూపులో జరిగిన లొల్లి అందరికీ తెలిసిందే. ఒక కామిక్ కంపెనీ వాళ్ళు బొమ్మలేసే మన తమ్ముడికి ఫోన్ చేశారు. సమ్మక్క తల్లిని సూపర్ హీరోయిన్‌గా పెట్టి బుక్కు తీస్తారంట. కథలు మనం చెప్పాలె, డ్రెస్సు తమ్ముడు గీయాలె, హక్కులన్నీ వాళ్ళకు రాసియ్యాలె. మేం వద్దన్నాం. దాని కింద కామెంట్లు పడ్డాయి. ఈజిప్టు దేవత ఐసిస్‌ను అమెరికా వాళ్ళు సూపర్ హీరోయిన్ చేయలేదా, ఆమె పేరు ప్రపంచానికి తెలవలేదా, మనోళ్ళే మనకు అడ్డుపుల్ల అని. సరే, ఐసిస్ పేరు ఎత్తింది మీరే కాబట్టి ఆమె సంగతే చూద్దాం.

1975లో అమెరికాలో సీబీఎస్ చానల్ శనివారం పొద్దున పిల్లల కోసం ఆ సీరియల్ మొదలుపెట్టింది. హీరోయిన్ పేరు ఆండ్రియా థామస్, హైస్కూల్‌లో సైన్స్ చెప్పే తెల్ల టీచరమ్మ. ఈజిప్టు తవ్వకాల్లో ఆమెకు ఒక తాయెత్తు దొరుకుతది, ఒకప్పుడు హత్‌షెప్సుత్ రాణిదంట. అది పట్టుకొని దేవత పేరు పిలిస్తే చాలు, గాలిలో ఎగరొచ్చు. 1976లో డీసీ వాళ్ళు కామిక్ కూడా తెచ్చారు, ఎనిమిది సంచికలు నడిచి 1978లో ఆగిపోయింది. ఆ రోజుల్లో టీవీలో ఒక ఆడమనిషే హీరో కావడం చిన్న విషయం కాదు, ఆ మాట ఒప్పుకుంటాం. ఎంతమంది ఆడపిల్లలు తువ్వాల మెడకు కట్టుకొని దూకి ఉంటారో!

కానీ ఆ తాయెత్తు ఎవరిది? ఆ మట్టి ఎవరిది? దొరికినోళ్ళదే సొమ్ము అన్నట్టు కథ నడుస్తది. ఈజిప్టు అనేది తవ్వుకొని తెచ్చుకునే జాగా, అంతే.

2006లో డీసీ వాళ్ళు మళ్ళీ ఐసిస్‌ను తెచ్చారు. ఈసారి అడ్రియానా తొమాజ్ అనే ఈజిప్టు అమ్మాయి. బాగుపడ్డారు అనుకున్నాం. ఏం చేశారు? ఆమెను ముఠావాళ్ళు బ్లాక్ ఆడమ్ అనే రాజుకు కానుకగా పట్టుకొస్తారు. ఆ రాజే ఆమెకు శక్తి ఇప్పిస్తాడు, పెళ్ళి చేసుకుంటాడు. ఏడాది తిరిగేసరికి చంపేశారు. ఆమె చచ్చిపోతే ఆయనకు కోపం రావాలె, ఆయన ఒక దేశాన్నే నాశనం చేయాలె, కథకు ఆమె చావు అక్కరొచ్చింది. దేవత పేరు పెట్టుకున్న ఆడమనిషి గతి ఇది. తర్వాత బతికించారు లెండి, కామిక్కుల్లో ఎవరూ పూర్తిగా చావరు.

అసలు దేవత సంగతి వినండి. ఈజిప్టు వాళ్ళు ఆమెను పిలుచుకున్న పేరు అసెత్ లాంటిది, ఐసిస్ అన్నది గ్రీకుల నోట్లో మారిన రూపం. మొగుణ్ణి ముక్కలు చేసి పారేస్తే ఆ ముక్కలన్నీ ఏరుకొచ్చి కట్టిన మనిషి. జమ్ముపొదల్లో దాక్కొని కొడుకును సాకిన తల్లి. ఆమె గుడి నైలు నది మధ్య ఫిలే దీవిలో ఉండేది. ఈజిప్టు అంతా క్రైస్తవంలోకి పోయినాక కూడా దక్షిణాన నూబియా వాళ్ళు ఆ గుడికి రావడం మానలేదు. ఆరో శతాబ్దంలో చక్రవర్తి జస్టీనియన్ మూయించేదాకా మొక్కులు నడిచాయి. అంటే ఆ తల్లిని ఆఖరిదాకా వదలనోళ్ళు నల్లటి మనుషులు, అంచున బతికేటోళ్ళు.

ఆ నూబియా వాళ్ళ పిల్లలకు ఏం జరిగిందో తెలుసా? 1960లలో అస్వాన్ పెద్ద డ్యామ్ కట్టారు. మునిగేది వాళ్ళ ఊళ్ళే. 1963-64లో దాదాపు యాభై వేల మందిని నది ఒడ్డు నుంచి లేపి కోమ్ ఓంబో దగ్గర కాలనీల్లో పడేశారు. గుడి సంగతి మాత్రం వేరే. యునెస్కో ముందుకొచ్చింది, దేశదేశాల డబ్బు వచ్చింది, రాయి రాయికి నంబరేసి విప్పి పక్కనున్న అగిల్కియా దీవి మీద మళ్ళీ అట్లనే పేర్చారు. రాళ్ళకు ఉన్న మర్యాద మనుషులకు లేదు. పోలవరం ముంపులో ఊరు పోయిన కోయ, కొండరెడ్డి పిల్లలు ఈ గ్రూపులో ఉన్నారు, వాళ్ళకు మేం విడమరిచి చెప్పక్కర్లేదు. అమెరికాలో పిల్లలు ఐసిస్ సీరియల్ చూస్తున్నప్పుడే ఆ గుడి పనులు నడుస్తున్నాయి.

"ఐసిస్‌ను ఇప్పుడు పూజించేవాళ్ళు లేరు, ఎవరికి నష్టం" అని ఒక అన్న అడిగాడు. ఆ ప్రశ్నలోనే జవాబుంది అన్నా. మన తల్లికి మొక్కేటోళ్ళు ఉన్నారు. రెండేళ్ళకోసారి మాఘంలో వస్తది. చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు కుంకుమ భరిణె రూపంలో తెస్తారు, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తది. మేడారం గద్దెల మీద విగ్రహం లేదు. మన పెద్దలు ముఖం పెట్టలేదు. సూపర్ హీరోయిన్‌కు ముఖం కావాలె, నడుం కావాలె, బిగుతు డ్రెస్సు కావాలె. తమ్ముడు ఎవరి ముఖం గీస్తాడు?

"ట్రిపుల్ ఆర్ సినిమాతో కొమురం భీం పేరు దేశమంతా తెలిసింది కదా" అని ఇంకో చెల్లె రాసింది. తెలిసింది. ఏం తెలిసింది? ఆఖర్లో భీం తనకు, తనోళ్ళకు చదువు కావాలని రాజును అడుగుతాడు. మన పెద్దలు చెప్పే కథలో భీం చాందాలో విఠోబా దగ్గర చదవడం, రాయడం నేర్చుకున్నోడు. చప్పట్లు కొడుతూ ఆ సీను చూసినోళ్ళలో మేం కూడా ఉన్నాం, సిగ్గుపడుతూ చెబుతున్నాం.

మంచి ఉదాహరణ లేదని కాదు. 2022లో వచ్చిన మూన్ నైట్ సిరీస్‌లో లైలా అనే ఈజిప్టు అమ్మాయి తవెరెత్ దేవత శక్తితో స్కార్లెట్ స్కారబ్ అవుతది. డైరెక్టర్లలో ముఖ్యుడు మొహమ్మద్ దియాబ్ ఈజిప్టు మనిషే, సంగీతం హిషామ్ నజీహ్‌ది. అందుకే అందులో కైరో అంటే ఒంటెలు, ఇసుక కాదు, ట్రాఫిక్, పడవలు, మామూలు జనం. తేడా కనిపిస్తది. అయినా ఆ కైరో వీధులు బుడాపెస్ట్‌లో వేసిన సెట్లు, లైలా మీద హక్కు డిస్నీది.

అందుకే బొమ్మల కథలే వద్దని మేం అనట్లేదు. తమ్ముడి చెయ్యి బంగారం. గద్దె మీది తల్లిని వదిలిపెట్టి, జాతరకు నడిచిపోయే ఒక కోయ పిల్లను గీయమనండి. పేరు మనం పెడదాం, మాటలు కోయలో రాద్దాం, హక్కు కాగితం తమ్ముడి పేరునే ఉండాలె. తల్లి గురించి ఒక్క పేజీ రాయాలన్నా ముందు మేడారం పెద్దమనుషుల దగ్గరికి పోయి కూర్చొని అడగాలె. వాళ్ళు కాదంటే కాదు.

ఆదివారం ఆ కంపెనీకి జవాబు పంపాలె. ఉత్తరం ముసాయిదా మా దగ్గర ఉంది, రేపు సాయంత్రం గ్రూపులో పెడతాం. తమ్ముడికి వాళ్ళు ఇస్తామన్న అడ్వాన్సు ఈ సెమిస్టర్ హాస్టల్ మెస్ బాకీకి సరిపోతది, ఆ సంగతి మాకు తెలుసు. ఆ బాకీలో ఎవరు ఎంత వేయగలరో కూడా కింద రాయండి.