నర్సరీలో నవంబరు

నవంబరు రాగానే బ్రిటన్‌లో నర్సరీ గోడలు ఎర్రబడతాయి. పేపరు ప్లేటుకు ఎర్రరంగు పూసి, నడుమ నల్లబొత్తం అంటించి, మూడేళ్ల పిల్లలు పాపీ పూలు చేస్తారు. మన వంటింటి గసగసాల మొక్కకు ఈ పువ్వు దగ్గరి చుట్టం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగులు కుళ్లగించిన బెల్జియం, ఫ్రాన్స్ నేలల మీద విరగబూసింది ఇదే. 1918 నవంబరు 11న ఉదయం 11 గంటలకు ఆ యుద్ధం ఆగింది. 1921 నుంచి బ్రిటన్‌లో ఏటా యుద్ధంలో పోయినవారి జ్ఞాపకంగా ఈ పువ్వును చొక్కాకు పెట్టుకుంటున్నారు. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ల పిల్లలూ దాన్ని ఇంటికి తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తున్నారు. ఎందుకు చేశావని అడిగితే మాత్రం చాలామంది దగ్గర ‘టీచర్ చెప్పింది’ అన్న జవాబే ఉంటుంది.

పసివాళ్లకు యుద్ధం ఊసెందుకనే వాళ్లున్నారు. వాళ్ల బెంగ మాకు అర్థమవుతుంది కానీ, టీవీలో కూలిన ఇళ్లను పిల్లలు ఎలాగూ చూస్తున్నారు. మనం నోరు విప్పకపోతే మిగతా కథ వాళ్లే అల్లుకుంటారు, అది అసలుకన్నా భయంకరంగా ఉంటుంది. చెప్పే తీరు తెలియాలి, అంతే. 2014లో సీబీబీస్ ఛానెల్ పసివాళ్ల కోసం ‘పాపీస్’ అనే చిన్న యానిమేషన్ తీసింది. యుద్ధభూమిని చిన్న జంతువుల వైపు నుంచి చూపించింది. ఆ వయసుకు అంత చాలు.

చావు మాట దగ్గరే పెద్దలు తడబడతారు. ‘నిద్రపోయారు’ అంటాం, ‘ఊరెళ్లారు’ అంటాం. ఆ రాత్రి పిల్లాడు పడుకోనని మొండికేస్తాడు, నాన్న సూట్‌కేస్ సర్దుతుంటే కాళ్లకు చుట్టుకుంటాడు. ‘చనిపోయారు, ఇక రారు, వాళ్ల ఇంట్లోవాళ్లు చాలా ఏడ్చారు’ అని చెబితే నాలుగేళ్ల బుర్ర తట్టుకుంటుంది. తట్టుకోలేనిది నవంబరు 11న పాటించే రెండు నిమిషాల మౌనం. బలవంతాన కూర్చోబెడితే వాళ్లకు గుర్తుండేది టీచర్ గదమాయింపే. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు చాలు. ఉక్రెయిన్ నుంచో సిరియా నుంచో వచ్చిన పిల్ల అదే గదిలో ఉంటే, ఆ తల్లితో ముందే మాట్లాడాలి.

సైనికుడి వేషం, బొమ్మతుపాకీ మాత్రం వద్దు. ఈ మాట పిల్లల్ని ఆ వేషాల్లో పంద్రాగస్టు వేదికలెక్కించే మన బడులకూ చెబుతున్నాం.

ఇంకొక లోటుంది. బ్రిటన్ తరగతి గోడల మీద అతికించే సైనికుల బొమ్మల్లో గోధుమరంగు ముఖాలు అరుదు. మొదటి ప్రపంచయుద్ధంలో పది లక్షలమందికి పైగా భారతీయులు సముద్రం దాటి వెళ్లారు. 70 వేలకు పైగా చనిపోయారు. రెండు ప్రపంచయుద్ధాలకూ కొడుకుల్ని పంపిన పశ్చిమ గోదావరి మాధవరాన్ని మనం ఇప్పటికీ మిలటరీ మాధవరం అంటున్నాం. తనలాంటి వాళ్లూ ఆ కథలో ఉన్నారని లండన్‌లోని తెలుగు పిల్లకు తెలియాలి. టీచర్‌కు తెలియకపోతే తల్లిదండ్రులే చెప్పాలి.

అందుకు ఇంగ్లండ్‌లోని బ్రైటన్ మంచి చోటు. మొదటి యుద్ధంలో గాయపడ్డ భారతీయ సైనికులకు అక్కడి రాజభవనాన్నే ఆసుపత్రి చేశారు. చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికులను ఊరి బయట కొండల మీద దహనం చేశారు. ఆ చోటే కట్టిన తెల్లపాలరాతి స్మారక ఛత్రిని 1921లో ఆవిష్కరించారు. ఏటా జూన్‌లో అక్కడ సంస్మరణ జరుగుతుంది. నవంబరు చలిలోకన్నా పిల్లలతో అప్పుడు వెళ్లడమే నయం. ఛత్రి దాకా కారు పోదు, పచ్చిక మీద చాలాదూరం నడవాలి.