కొండమీద గుండెకు ఎవరి లెక్క?

అరకు గిరిజనుడికి గుండెపోటు రాదని కింద మైదానంలో మనకో నమ్మకం. చోడి అంబలి తాగుతాడు, రోజూ కొండ ఎక్కి దిగుతాడు, పైగా వాళ్ల రక్తమే వేరంటాం. మొదటి రెండు మాటల్లో పస ఉంది. మూడోదానితోనే నా పేచీ.

ఎవరి రక్తం? అరకు సంతలో బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు, గదబలు పక్కపక్కనే బేరాలాడతారు. పెళ్లి సంబంధాలు మాత్రం చాలావరకు ఎవరి తెగలో వాళ్లవే. చిన్న గుంపులో తరాల తరబడి ఇలా జరిగితే, ఏ ముత్తాతకో ఉన్న జన్యుమార్పు గుంపులో పేరుకుంటుంది. ఇది కొండవాళ్ల సంగతే కాదు. ఆంధ్రా వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో ఇచ్చే ఒక మందు వల్ల కండరాలు చాలాసేపు చచ్చుబడిపోవడం వెనక ఉన్నదీ అదే. కాబట్టి అరకులో తెగకో జన్యుచరిత్ర ఉంది. అన్నిటినీ కలిపి ‘గిరిజన రక్తం’ అనేస్తే ఏదీ తెలియదు.

హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు 2009లో గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాల ముక్క ఊడిపోయిన మార్పును గురించి చెప్పారు. దక్షిణాసియా వాసుల్లో సుమారు 4 శాతం మందికి అది ఉంది. అయితే దానివల్ల వచ్చేది కండరం బలహీనపడే జబ్బు. రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు సాధారణంగా ఒక్క జన్యువుతో తేలేది కాదు. 2007లో తొమ్మిదో క్రోమోజోము మీద దానితో ముడిపడిన ఒక చోటు దొరికింది. ఇప్పటికి అలాంటివి వందలు. ఒక్కోటీ ముప్పును కాస్త కాస్త అటో ఇటో జరుపుతుంది. అన్నీ కూడి స్కోరు కడుతున్నారు గానీ, ఆ లెక్కకు ఆధారం ఎక్కువగా ఐరోపా సంతతి మనుషులే. గదబ రైతు ముప్పు అందులో ఎంతవరకు కనబడుతుంది?

జన్యువులు ఒక్క తరంలో మారవు. సంత మారుతుంది. ఉప్పుచేపా చుట్టా పాతవే. వాటి పక్కకి పామాయిల్ ప్యాకెట్లూ చిప్సూ వచ్చాయి. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, తొలి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతానికి పొగ, బీపీ, మధుమేహం, కొలెస్టరాల్ వంటి తొమ్మిది అంశాలతోనే లెక్క చెప్పింది. బీపీ చూడ్డానికి జన్యుపరీక్ష ఎందుకు?

పోటు వచ్చాక కథ వేరు. రోడ్డులేని గూడెం నుంచి డోలీ, ఆ తర్వాత ఘాట్‌రోడ్డు, విశాఖ వంద కిలోమీటర్ల పైమాట. ఈలోగా గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. అందుకే మండలంలోని ఆసుపత్రిలోనే ఈసీజీ, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను, వాటిని వాడటం తెలిసిన మనిషి ఉండాలి. జన్యు పరిశోధకులు కూడా రావాల్సిందే. వచ్చినప్పుడు మాత్రం తెగల లెక్క విడివిడిగా కట్టాలి, తేలినదేదో రక్తమిచ్చిన గూడేనికి వాళ్ల భాషలో చెప్పి వెళ్లాలి.