నేరం జరిగాకే దొరుకుతున్న వైద్యం

‘మతిస్థిమితం లేని వ్యక్తి ఘాతుకం’ అని పత్రికల్లో తరచూ చూస్తుంటాం. అందులో ఆయుధం గురించి ఉంటుంది, ఇరుగుపొరుగు మాటలుంటాయి. ఆ మనిషికి ఎన్ని నెలలుగా మందు లేదన్నది మాత్రం ఎవరూ అడగరు.

తీవ్ర మానసిక వ్యాధికీ హింసకూ సంబంధమే లేదని వాదించే మంచి మనుషులున్నారు. అది పూర్తి నిజం కాదు. స్కిజోఫ్రీనియా వంటి జబ్బుల్లో ఆ ముప్పు కొంత ఎక్కువే, మద్యమో గంజాయో తోడైతే మరీ ఎక్కువ. అయినా రోగుల్లో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. ముప్పు ఎప్పుడన్నదే తేల్చుకోవాలి. ఆస్ట్రేలియా మనోవైద్యులు నీల్సన్, లార్జ్ పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసి 2010లో లెక్క చెప్పారు. తొలిసారి సైకోసిస్ (లేనివి ఉన్నట్లు అనిపించే తీవ్ర మానసిక స్థితి) వచ్చి ఇంకా వైద్యం అందని వారిలో సుమారు 630 మందికి ఒకరు హత్య చేశారు. వైద్యం అందాక ఏడాదికి సుమారు 9 వేల మందికి ఒకరు. మన దేశంలో సైకోసిస్ ఉన్న నలుగురిలో ముగ్గురికి వైద్యమే అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది.

ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. కుర్రాడు రాత్రుళ్లు నిద్రపోడు. అన్నంలో విషం కలిపారంటాడు, తల్లిని గదిలోకి రానివ్వడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించడంతో కొన్ని నెలలు గడిచిపోతాయి. చివరికి తండ్రి స్టేషన్‌కు వెళితే ‘ఏమైనా చేస్తే అప్పుడు రండి’ అంటారు. ఆస్పత్రిలో ‘ముందు మనిషిని తీసుకురండి’ అంటారు. మానసిక వ్యాధి వల్ల తనకో ఇతరులకో హాని చేసేలా కనిపించే వ్యక్తిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి చేర్చాల్సింది పోలీస్ స్టేషన్ అధికారే (ఎస్‌హెచ్‌ఓ) అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి ఎన్ని స్టేషన్లలో గుర్తుందో!

గొలుసులు వేయడాన్నీ ఆ చట్టం నిషేధించింది. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు 28 మంది మంటల్లో ప్రాణాలు పోగొట్టుకున్నాక ఆ నిషేధానికి అడ్డుచెప్పే నోరు ఎవరికీ ఉండకూడదు. గొలుసు విప్పిన కుటుంబానికి దగ్గర్లోని ఆస్పత్రిలో ఒక మంచం మాత్రం చూపించలేకపోయాం.

2021లో మదనపల్లెలో జరిగిన జంట హత్యల కేసు నిందితులను తిరుపతి రుయా ఆస్పత్రి వైద్యుల సిఫారసుతో విశాఖ మానసిక ఆస్పత్రికి తరలించారు. రాష్ట్రం ఆ కొస నుంచి ఈ కొసకు! నేరం జరిగాక కాబట్టి ప్రభుత్వమే ఎస్కార్టు ఇచ్చి తీసుకెళ్లింది. నేరానికి ముందే అంత దూరం వెళ్లాల్సి వస్తే కూలీ కుటుంబం మాటేమిటి? టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది, మంచిదే. తలుపు బిగించుకున్నవాడు ఫోన్ ఎత్తడు.

జిల్లా ఆస్పత్రుల్లో మనోరోగులకు మంచాలు, రోగిని తేవడానికి శిక్షణ పొందిన సిబ్బందితో ఒక వాహనం తక్షణ అవసరం. మాత్రలు మింగనివారికి కొన్ని వారాలకోసారి వేసే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ దశాబ్దాలుగా ఉంది. బీపీ, షుగరు రోగుల ఇళ్లకు వెళ్లే ఏఎన్‌ఎంలకే ఈ ఇంజెక్షన్ తేదీ తప్పినవారి జాబితా ఇవ్వవచ్చు. జబ్బు సంగతి ఊరంతా తెలుస్తుందన్న భయం సహేతుకమే, కనుక ఆ జాబితా ఏఎన్‌ఎంల దగ్గరే ఉండాలి, పంచాయతీ గోడ మీదకు రాకూడదు. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.