ప్రజల భయము అజ్ఞానమేనా?

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రము ప్రేలినది. చెంతనున్న ప్రిప్యాత్ పట్టణవాసులను మరునాడుగాని తరలించలేదు. స్వీడన్ దేశపు పరికరములు రేడియోధార్మికతను పసిగట్టిన పిమ్మటగాని సోవియట్ ప్రభుత్వము నోరు విప్పలేదు. ఆనాటినుండి అణువిద్యుత్తనిన ప్రజలు బెదరుట అజ్ఞానమని కొందరు పెద్దలందురు. కాని దాచిన సత్యమే ఆ భయమునకు తల్లి.

మన పటాన్‌చెరు సీమలో అణుకేంద్రము లేదు. రసాయన, ఔషధ కర్మాగారములున్నవి. 2025 జూన్ 30న పాశమైలారములోని సిగాచీ కర్మాగారపు ప్రేలుడులో 40 మందికి పైగా బలియైనారు. తమవారి జాడ తెలియక బంధువులు రోజుల తరబడి నిరీక్షించినారు. అనేక దేహములను డి.ఎన్.ఏ. పరీక్షతోగాని గుర్తించలేకపోయినారు.

కావున లోపల పనిచేయువారి పట్టిక కర్మాగారము వెలుపల కూడ ఉండవలెను. ప్రమాదవేళ పాటింపవలసిన జాగ్రత్తలు తెలుగు, ఉర్దూ, హిందీ, ఒరియా భాషలలో గోడపై కనబడవలెను. విద్యార్థి మిత్రులారా, ఇది దయాభిక్ష కాదు, హక్కు.