నాలుగు మార్కులు ఎవడి దానం?

పదో తరగతి ఫలితాలొచ్చేసరికి కార్పొరేట్ కాలేజీ ఏజెంట్లు మన వాడల్లో వాలిపోతారు. రంగుల కాగితాలు పంచుతారు, అడ్వాన్సు అడుగుతారు. సర్కారు పెట్టిన ట్రిపుల్ ఐటీ సంగతి చెప్పడానికి మాత్రం ఒక్కడూ రాడు. అందుకే మేం చెబుతున్నాం.

రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని 2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో పెట్టింది. 2016లో శ్రీకాకుళం, ఒంగోలు కలిశాయి. పల్లె పిల్లల కోసమేనని అప్పుడు గట్టిగా చాటారు. పది పాసైన పిల్ల నేరుగా ఆరేళ్ల చదువులో చేరుతుంది. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్, కెమికల్, మెటలర్జీ ఉన్నాయి. ఉండేదీ తినేదీ అక్కడే. కరోనా ఏళ్లు పక్కనబెడితే సీటు పది మార్కుల మీదే. ఎంసెట్ లేదు, లక్షలు పోసే కోచింగు లేదు.

ఇంకో మాట ఉంది. సర్కారు, జిల్లా పరిషత్, మునిసిపల్ బడుల పిల్లలకు గ్రేడు పాయింట్ల కాలంలో 0.4 కలిపేవారు. ఆంధ్రలో మార్కుల పద్ధతి మళ్లీ వచ్చాక నూటికి నాలుగు. దీన్ని చూసి కడుపు మండేవాళ్లున్నారు. ప్రతిభ చచ్చిపోతోందట! లెక్కల మాస్టారు లేని బడిలో, పొద్దున్నే అమ్మతోపాటు నాట్లకు పోయి వచ్చి తొంభై తెచ్చుకున్న పిల్ల ప్రతిభ ఎంత? ట్యూషన్ల మధ్య పెరిగి తొంభై నాలుగు తెచ్చుకున్నవాడి ప్రతిభ ఎంత? ఆ నాలుగూ ఎవడి దానం కాదు, బాకీ.

అయితే ఆ నియమంలో మెలిక ఉంది. నాన్ రెసిడెన్షియల్ బడి అయితేనే కలుపుతారు. మరి సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివే మాదిగ, మాల పిల్లల గతేంటి? గురుకులం మెట్టెక్కగానే వాళ్ల నాయన కూలి మానేశాడా? వాడ ఊళ్లో కలిసిపోయిందా? ఉన్న పిల్లలకు తగ్గించమని మేం అనడంలేదు, వీళ్లకూ కలపమంటున్నాం. ఈ మాట అసెంబ్లీలో రిజర్వుడు ఎమ్మెల్యేలే ఎత్తాలి. ఎత్తకపోతే ఓట్లకు వచ్చినప్పుడు మనం అడగాలి.

సీటొచ్చాక కథ వేరే. తెలుగు మీడియం పిల్ల ఒక్క వేసవిలో ఇంగ్లీషు పాఠాల్లో పడుతుంది. పక్కన కూర్చుని విడమరిచి చెప్పే పంతులు ఉండాలి కదా? ఏళ్ల తరబడి కాంట్రాక్టు, గెస్టు లెక్చరర్లతో నడిపించారు. 2022 జూన్‌లో బాసర పిల్లలు వానలో తడుస్తూ రోజుల తరబడి కూర్చున్నది ఎందుకు? రెగ్యులర్ వైస్ చాన్సలర్ కావాలని, పాఠాలు చెప్పే మనుషులు కావాలని. పదహారు పదిహేడేళ్ల పిల్లలు ఆ మాత్రం అడగడానికి రోడ్డెక్కాల్సి వచ్చింది. గెస్టు పోస్టులో మనకు ఇంకో నష్టం కూడా ఉంది. రోస్టర్ ఎవడు అడుగుతాడు? పీజీలు చేసి ఇంట్లో కూర్చున్న మన పిల్లలకు ఆ తలుపు అలా మూసేశారు. ఖాళీలన్నీ రెగ్యులర్ పోస్టులుగా, రోస్టర్ ప్రకారం నింపాలి.

కార్యకర్తలకు ఒక పని. ప్రతి వాడలో పది చదివే పిల్లల పేర్లు ఇప్పుడే రాసుకోండి, ఆడపిల్లల పేర్లు ముందు. ఫీజు లేదని భ్రమపడొద్దు, ఉంది. అర్హులకు రీయింబర్సుమెంటు వస్తుంది, దానికి కుల, ఆదాయ పత్రాలు కావాలి. ఫలితాలొచ్చాక తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే గడువు దాటిపోతుంది. నోటిఫికేషన్ పడగానే ఆ కాగితం బడి గోడకు, చర్చి గోడకు, అంబేడ్కర్ విగ్రహం గద్దెకు అంటించండి.