కొట్టుగదిలో కంప్యూటరు మిషను



జంతికల గొట్టానికి కొత్త బిళ్ళ మా ఇంట్లోనే చేసుకున్నామని ఆమధ్య ఒక్క వాక్యం రాశాను. దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు! వాటిలో తాడేపల్లిగూడెం సోదరి ఉత్తరం నన్ను ఆలోచనలో పడేసింది. వాళ్ళబ్బాయి డిప్లొమా చదివాడట. చిన్న మిల్లింగ్ మిషను కొని, దాన్ని కంప్యూటరుతో నడిచేలా మార్చుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడట. చీటీ పాడిన డబ్బు చేతిలో ఉంది గానీ, అది అమ్మాయి పెళ్ళికని దాచింది. ఇవ్వాలా, మానాలా? ఇంట్లో అలాంటి మిషను పెడితే చేతులకీ కళ్ళకీ ప్రమాదం కాదా? ఇదీ ఆవిడ బాధ.

మా కొట్టుగదిలో ఆ మిషను ఉండబట్టి నాలుగేళ్ళు. మావారు బాలానగర్‌లో ఒక టూల్‌రూములో పని చేస్తారు. మొదట్లో ఆయనా, మా పెద్దాడూ నడిపేవారు. ఇప్పుడు పగటిపూట నేనే నడుపుతున్నాను. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసిన నాకే వచ్చిందంటే మీ అబ్బాయికి రాదా? అందుకని నా మాట ఇదీ: డబ్బు ఇవ్వండి. కానీ ఒక్కసారే ఇవ్వకండి!

మిల్లింగ్ మిషనంటే చాలామంది డ్రిల్లు మిషనే అనుకుంటారు. చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. డ్రిల్లు కిందికి దిగి బెజ్జం పెడుతుంది, అంతే. మిల్లింగ్‌లో పైన కట్టర్ తిరుగుతూంటే, కింద వస్తువు బిగించిన బల్ల కుడిఎడమలకీ, ముందువెనకలకీ జరుగుతుంది. అందువల్ల గాడి తియ్యవచ్చు, పలక చెయ్యవచ్చు, కావలసిన ఆకారం చెక్కవచ్చు. బల్ల జరపడానికి రెండు చేతిచక్రాలు, కట్టర్‌ని దించడానికి ఒకటి. ఆ మూడింటి చోట మూడు స్టెప్పర్ మోటార్లు పెట్టి కంప్యూటరు చేత తిప్పించడమే 'మార్చడం' అంటే. ఇది నిన్నమొన్నటి వింతేం కాదు సుమా! 1952లో అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్ళు చూపించిన మొట్టమొదటి ఇలాంటి మిషను కూడా సిన్సినాటి కంపెనీ మామూలు మిల్లింగ్ మిషనుకు మార్పులు చేసి తయారుచేసిందే. ఆజ్ఞలన్నీ చిల్లులు పొడిచిన టేపు మీద ఉండేవి.

ఇక డబ్బు సంగతి. మొదటి విడత మిషనుకీ, మంచి వైస్‌కీ, నాలుగైదు కట్టర్లకీ, ఒక వెర్నియర్‌కీ మాత్రమే ఇవ్వండి. మూడు నెలలు చేత్తోనే తిప్పమనండి. కుర్రాళ్ళకి ఈ మాట చేదుగా ఉంటుంది, తెలుసు. కానీ కట్టర్ లోహాన్ని కోస్తోందా, ఊరికే రుద్దుతోందా అన్నది చేతికి తెలుస్తుంది, చెవికి తెలుస్తుంది. బూరెలు వేగే చప్పుడుని బట్టి సెగ తగ్గించమా మనం? అలాగన్నమాట. మోటారుకి ఆ చెవి లేదు. ఏ వేగం చెబితే ఆ వేగంతో తోస్తుంది, కట్టర్ విరిగినా తోస్తూనే ఉంటుంది. పైగా మిషనులో ఉన్న లోపాలు ఈ మూడు నెలల్లోనే బయటపడతాయి. బల్ల జారే చోట పట్టీలు వదులుగా ఉంటే మోటార్లు పెట్టినంత మాత్రాన బిగుసుకోవు.

మూడు నెలల తర్వాత కూడా వాడికి ఉత్సాహం ఉంటే రెండో విడత ఇవ్వండి. లేకపోతే మంచి చేతి మిషను ఒకటి మిగులుతుంది, అమ్మినా డబ్బు వస్తుంది. సగం మార్చి వదిలేసిన మిషనుని మాత్రం ఎవరూ కొనరు. మా ఇంటి ఖర్చుల పుస్తకంలో లెక్క ఉంది: మిషనుకి ఎంత అయిందో, తర్వాత మోటార్లూ డ్రైవర్లూ మరలూ కట్టర్లూ అన్నీ కలిపి దాదాపు అంతా అయింది. ఇది తెలియకనే చాలా ఇళ్ళలో గొడవలు వస్తాయి.

రెండో విడతలో ఎక్కడా కక్కుర్తి పడకూడనిది బాల్ స్క్రూల దగ్గర. పాత కొళాయిని ఇటు తిప్పి మళ్ళీ అటు తిప్పితే కాస్త దూరం ఊరికే తిరుగుతుంది చూడండి, మామూలు మరకీ ఆ గుణం ఉంటుంది. దాన్నే బ్యాక్‌లాష్ అంటారు. చేత్తో తిప్పేటప్పుడు మనం సర్దుకుంటాం. కంప్యూటరుకి తెలియదు కాబట్టి గుండ్రంగా చెక్కమంటే వంకర తెస్తుంది. బాల్ స్క్రూలో గుళ్ళు దొర్లుతాయి కాబట్టి ఆ లూజు చాలా తక్కువ. సాఫ్ట్‌వేరుకి మాత్రం డబ్బు తగలెయ్యనక్కరలేదు. నడపడానికి లినక్స్‌సీఎన్‌సీ, చిన్న ఆర్డుయినో బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్, బొమ్మ గీసుకోవడానికి ఫ్రీక్యాడ్... అన్నీ ఉచితమే.

మోటారుకి ఎన్ని అడుగులో చెప్పే లెక్క ఒకటుంది. మామూలు స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది. డ్రైవరులో ఒక్కో అడుగునీ 8 ముక్కలు చేస్తే 1600. స్క్రూ ఒక చుట్టుకి 5 మిల్లీమీటర్లు జరిగితే, 1600ని 5తో భాగించండి, మిల్లీమీటరుకి 320. ఈ అంకె కంప్యూటరుకి ఇచ్చి, 50 మిల్లీమీటర్లు జరగమని చెప్పి, నిజంగా ఎంత జరిగిందో కొలవాలి. తేడా వస్తే గబుక్కున అంకె మార్చేస్తారు పిల్లలు. ముందు బిగింపులు చూడమనండి, మోటారుకీ స్క్రూకీ మధ్య కప్లింగు జారుతుంటే ఏ అంకె పెట్టినా నిలవదు.

ఆజ్ఞలు చూసి భయపడకండి. చుక్కల ముగ్గు వచ్చినవాళ్ళకి ఇది సగం వచ్చినట్టే. కుడివైపు ఇన్ని చుక్కలు ఎక్స్, ముందుకి ఇన్ని చుక్కలు వై, పైకీ కిందికీ జడ్. పత్రికల్లో స్వెట్టరు అల్లిక వరసలు ఇచ్చేవారు గుర్తుందా? అలాగే వరసకో ఆజ్ఞ. జి21 అంటే కొలతలన్నీ మిల్లీమీటర్లలో అని. జి0 అంటే గాలిలో గబగబా జరుగు. జి1 అంటే చెప్పిన వేగంతో కోస్తూ జరుగు. ఎం3 అంటే కట్టర్ తిప్పు, ఎం5 అంటే ఆపు. ఈ అయిదూ అర్థమైతే కంప్యూటరు రాసిచ్చిన కాగితాన్ని మీరూ చదవగలరు. చదివి తీరాలి కూడా, ఎందుకంటే కట్టర్ ఇంకా వస్తువులోనే ఉండగా జి0 అని ఉంటే విరగడం ఖాయం. మా పెద్దాడు అలా ఒక వారంలో మూడు కట్టర్లు విరిచాడు!

అన్నిటికన్నా ముఖ్యం సున్నా పెట్టడం. వస్తువు ఎక్కడుందో మిషనుకి తెలియదు, మనమే చూపించాలి. కట్టర్ తిరగకుండా ఆపి ఉంచి, వస్తువు మీద మామూలు తెల్ల కాగితం పెట్టి, కట్టర్‌ని కొద్దికొద్దిగా దించుతూ కాగితాన్ని అటూ ఇటూ లాగండి. కాగితం పట్టినట్టు అనిపించగానే ఆపాలి. కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు కాబట్టి, అక్కడ జడ్ 0.1 అని రాయాలి. పక్క అంచుకి కూడా ఇలాగే, కాకపోతే కట్టర్ అడ్డుకొలతలో సగం కలుపుకోవాలి. 6 మిల్లీమీటర్ల కట్టర్ అయితే 3 అన్నమాట.

ఇప్పుడైనా వెంటనే లోహం పెట్టకండి. కట్టర్‌ని 20 మిల్లీమీటర్లు పైకెత్తి మొత్తం పని ఒకసారి గాలిలో నడిపించండి. తర్వాత కొవ్వొత్తుల మైనం కరిగించి పోసిన దిమ్మ మీద. అది కట్టర్‌కి కాస్త అంటుకుంటుంది గానీ ఆకారం తప్పో ఒప్పో చెబుతుంది, మళ్ళీ కరిగించి పోసుకోవచ్చు. ఆపైన అల్యూమినియం.

ప్రమాదం గురించి అడిగారు కదా. ఉన్నమాట చెప్పాలి, ఉంది. మన ఆడవాళ్ళకి ఇంకా ఎక్కువ. పైట చెంగు, చున్నీ, జడ, గాజులు, మెడలో గొలుసు... తిరిగే కట్టర్ దగ్గర ఇవేవీ వేలాడకూడదు. నేను జడ ముడి చుట్టి, గాజులు తీసి, పొట్టి చేతుల నైటీ మీద బిగుతుగా ఏప్రాన్ కట్టుకుంటాను. చూసినవాళ్ళు నవ్వితే నవ్వనీ! చేతికి గ్లవ్స్ తొడిగితే భద్రం అనుకుంటారు, కానే కాదు. గ్లవ్స్ చిక్కుకుంటే చేతినీ లాగేస్తుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. రజను వేళ్ళతో తియ్యకూడదు, మిషను ఆపి బ్రష్షుతో ఊడ్చాలి. చేతి మిషను మనం తిప్పితేనే జరుగుతుంది. ఇది మాత్రం ఊరికే నిలబడ్డట్టుండి ఉన్నట్టుండి కదులుతుంది. అందుకే చెయ్యి చాపితే అందేచోట ఎర్ర బొత్తాం ఉండాలి. అది నొక్కితే కట్టర్ మోటారూ, బల్ల మోటార్లూ అన్నీ ఆగిపోవాలి. కరెంటు పెట్టెకి ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఇంకొకటి, డ్రైవరుకి కరెంటు ఉండగా స్టెప్పర్ మోటారు వైరు ఊడదీస్తే డ్రైవరు కాలిపోతుంది.

మీ ఊళ్ళో ఐ.టి.ఐ. ఉంటే వాడిని ఒకసారి అక్కడికి వెళ్ళి మిషన్లు నడిచే తీరు చూసి రమ్మనండి. హైదరాబాదు వచ్చే వీలుంటే బాలానగర్‌లో 1968 నుంచీ ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో ఈ పనులకి శిక్షణ ఇస్తారు.

ఇక జంతికల బిళ్ళ ఎలా చేశారని అడిగినవాళ్ళకి. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు తీసుకున్నాం. కొనేటప్పుడే వంటపాత్రలకి పనికొచ్చే రకమా అని అడిగి తీసుకోవాలి. పాతసామాను కొట్లో దొరికిన, ఏం కలిసిందో తెలియని ముక్కలు తినే వస్తువులకి వద్దు. కోసేటప్పుడు నేను కొబ్బరినూనె చుక్కలు వేస్తాను. నక్షత్రం బెజ్జం దగ్గర ఒక చిక్కు వస్తుంది. కట్టర్ గుండ్రంగా ఉంటుంది కదా, బెజ్జం లోపలి మూలలు పదునుగా రావు, ఎంత సన్నటి కట్టరైనా కొంచెం గుండ్రంగానే మిగులుతాయి. అలా వదిలేస్తే జంతిక ముళ్ళు మొద్దుబారి వస్తాయి. మూడు పలకల సన్నటి ఆకురాయితో ఒక్కో మూలా చేత్తో రాసుకోవాలి, అయిదు నక్షత్రాలకి నాకు అరగంట పట్టింది. బిళ్ళ చుట్టుకొలత గొట్టం లోపలికి బిర్రుగా పట్టేలా చెయ్యకండి. అడ్డుకొలత అర మిల్లీమీటరు తక్కువ ఉంచి, అంచు నున్నగా రాసి, సబ్బుతో కడిగి ఒకసారి మరిగే నీళ్ళలో వేసి తీశాక పిండి పెట్టుకోండి.